లినక్స్‌లో ఆటలేమిటి అనేవాళ్ళకు

సికింద్రాబాద్‌లో ఒక కంప్యూటర్ రిపేరు షాపు. నా పాత ల్యాప్‌టాప్‌కి ఫ్యాను మార్పించుకుందామని వెళ్ళాను. కౌంటరు వెనకాల కుర్రాడు మూత తెరిచి, బటన్ నొక్కి, ఉబుంటు లినక్స్ తెర కనబడగానే నొసలు చిట్లించాడు. "ఏంది సార్, విండోస్ లేదా ఇందుల? రెండు వందలియ్యండి, ఫుల్ వర్షనే వేసిస్త. గేమ్స్ గూడ ఆడుకోవచ్చు" అన్నాడు. ఆడుతూనే ఉన్నాను బాబూ అంటే నమ్మలేదు. పెద్దాయన ఏదో పేకముక్కల ఆటను పట్టుకుని గేమంటున్నాడులే అన్నట్టు నవ్వి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

సరే, షాపు కుర్రాడి వ్యాపారం అతనిది. పదిహేను రోజుల తర్వాత మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం, రోజంతా లినక్స్ సర్వర్ల మధ్యే బతుకు. వాడూ అదే పాట. "మావయ్యా, మా ఆఫీసులో మెషిన్లన్నీ లినక్సే. కానీ గేమింగ్‌కి విండోస్ ఉండాల్సిందే. అది అంతే."

ఈ 'అది అంతే' ఉంది చూశారూ, దానిమీదే నా గొడవంతా. లినక్స్ పనికి, విండోస్ ఆటకి అనే ఈ పంపకం ఎవరు చేశారో తెలీదు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు గట్టు వేసేశారు. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఆ గట్టు దాటరు.

ఒకప్పుడు అది నిజమే, నేను కాదనను. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో సీ ప్రోగ్రాములు రాయించడానికి లినక్స్ పెట్టిన రోజుల్లో, లెక్చరర్ అటు తిరగ్గానే పిల్లలు తెరిచేది ఫ్రోజెన్ బబుల్. లేకపోతే పెంగ్విన్ మంచు మీద జారే టక్స్ రేసర్. అంతకుమించి చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. కానీ ఆ రోజులు పోయి చాలా కాలమైంది. మాట మాత్రం మిగిలింది. గడువు తీరిన మందుసీసా అలమరలో ఉండిపోయినట్టు ఉండిపోయింది. ఇంకా జ్వరమొస్తే అందులోంచే పోస్తున్నారు.

వాదన గాలిలో ఎందుకు, ఒక ఆటనే ముందు పెట్టుకుందాం. లింబో. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ప్లేడెడ్ అనే చిన్న సంస్థ చేసింది. 2010 జులైలో మొదట ఎక్స్‌బాక్స్ మీద వచ్చింది, మరుసటేడు విండోస్ మీదికి. రంగుల్లేవు, తెలుపూ నలుపూ వాటి మధ్య బూడిద పొగా అంతే. మాటల్లేవు. తెర మీద ఒక్క అక్షరం సూచన ఉండదు. అడవిలో గడ్డి మీద ఒక పిల్లాడు పడి ఉంటాడు. నల్లటి నీడ ఆకారం, తెల్లటి చుక్కలు రెండు కళ్ళు. చెల్లెలో అక్కో తెలీదు, తోబుట్టువును వెతుక్కుంటూ బయల్దేరాడని మాత్రం ఆట గురించి బయట రాసిన ఒక్క వాక్యం చెబుతుంది. లోపల అదీ ఉండదు. బాణం గుర్తు కీలు, పట్టుకోడానికి కంట్రోల్ కీ. ఆయుధాలన్నీ కలిపి అంతే.

కొంత దూరం పోయాక చెట్టు చాటున ఒక సాలీడు. మన ఇళ్ళలో మూల కనిపించే సాలీడు కాదు, ఒక్కో కాలు చెట్టు మానంత పొడుగు. దగ్గరికి వెళ్తే కాలెత్తి నేలలో గునపంలా దింపుతుంది. పిల్లాడు గుచ్చుకుపోతాడు. మళ్ళీ వెళ్తాం, మళ్ళీ గుచ్చుతుంది. నాలుగోసారో అయిదోసారో చచ్చాక అప్పుడు చూస్తాం, పైన కొమ్మకు ఒక ఇనప బోను వేలాడుతోంది. ఎలుగుబంట్ల కాళ్ళు ఇరికించే రకం, నోరు తెరుచుకుని పళ్ళతో ఉంటుంది. సాలీడు నేలను పొడిచినప్పుడల్లా ఆ కొమ్మ కదులుతోంది. ఆహా. అప్పటిదాకా మనల్ని చంపుతున్న ఆ పొడుపే బోనును కింద పడేస్తుంది. దాన్ని తోసుకెళ్ళి కాలు దిగే చోట పెట్టి పక్కకు తప్పుకోవాలి. టప్పున మూసుకుంటుంది. ఎవరూ నేర్పలేదు, మనకే తెలిసింది. ఈ ఆట ఇచ్చే సుఖమంతా ఆ 'ఆహా'లోనే ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో విండోస్‌కు మాత్రమే చేతనయ్యే పని ఏది? 512 ఎంబీ ర్యామ్, 150 ఎంబీ డిస్కు జాగా చాలని ఆటవాళ్ళే రాసుకున్నారు. మీ చేతిలో ఫోను దానికి ఎన్ని రెట్లో మీరే లెక్కేసుకోండి.

అయినా అది లినక్స్‌కి వెంటనే రాలేదు. ఎందుకు రాలేదో చూస్తే ఈ 'అది అంతే' గుట్టు బయటపడుతుంది. అడ్డుపడింది శబ్దం. లింబోలో సంగీతమనదగ్గది దాదాపు లేదు. గాలి, నీటి చప్పుడు, దూరంగా ఏదో ఇనుము మూలిగినట్టు ధ్వని. మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ అనే ఆయన వాటిని పాతకాలపు అనలాగ్ పరికరాల మీదుగా పంపి, నిగ్గు పోగొట్టి, మసకబారించి చేశాడు. ఆ ధ్వనుల్ని ఆటలో నడిపేది వైజ్ అనే బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్. దానికి ఆ రోజుల్లో లినక్స్ రూపం లేదు. కథ అంతే. లినక్స్‌కి చేతకాక కాదు, ఒక కంపెనీ తన సరుకును ఒక ఊరికి పంపలేదు. బస్సు రాని ఊరిని చూసి ఆ ఊళ్ళో మనుషులకు నడక రాదనుకుంటే ఎలా?

2012 మే నెలాఖరున, చిన్న సంస్థల ఆటల్ని కట్టగా కట్టి అమ్మే హంబుల్ ఇండీ బండిల్ అయిదో విడతలో లింబో లినక్స్‌కి వచ్చింది, కానీ దొడ్డిదారిన. కోడ్‌వీవర్స్ అనే సంస్థ విండోస్ ఆటనే తీసుకుని వైన్ అనే పొరలో చుట్టి ఇచ్చింది. పేరు వైనే గానీ మత్తేమీ ఉండదు. 1993లో మొదలైన పని అది. విండోస్ ప్రోగ్రాము 'ఈ ఫైలు తెరువు', 'ఈ బొమ్మ గీయి' అని విండోస్ భాషలో అడుగుతుంది. వైన్ మధ్యలో నిలబడి ఆ మాటను లినక్స్ భాషలో చెప్పి పని చేయిస్తుంది. అచ్చం దుబాసీ. ఇంకో కంప్యూటర్ లాగా వేషం వేయదు, మాట మార్చి చెబుతుంది, అంతే.

ఇక్కడ నాకు రెండో పక్షంతోనూ పేచీ ఉంది. లినక్స్ అభిమానుల్లో మడి కట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. వైన్‌లో చుట్టిచ్చిన లింబోను చూసి, ఇది అసలు లినక్స్ ఆటే కాదు, మైల పడింది అన్నారు. వీళ్ళకు తెలీకుండానే వీళ్ళు షాపు కుర్రాడి వాదననే బలపరిచారు: అనువాదంలో ఆడింది ఆట కాదట! శరత్‌బాబును చక్రపాణి తెలుగులో చదివి, ఆయన బెంగాలీ అన్న సంగతే మరిచిపోయి, మన ఇంట్లో మనిషనుకున్న పాఠకుల వారసులం మనం. దేవదాసు తాగినా పార్వతి ఏడ్చినా తెలుగులోనే. ఆ కన్నీళ్ళు అనువాదం గనక చెల్లవని ఎవరైనా అన్నారా? సాలీడు కాలు బోనులో పడ్డప్పుడు నాకు కలిగిన 'ఆహా' ఏ పొర దాటి వచ్చిందో నేనెందుకు ఆరా తీయాలి?

సొంత రూపం మంచిదే, నేనేమీ కాదనడం లేదు. లింబోకు అదీ వచ్చింది. ర్యాన్ గోర్డన్ అని, ఆటలను లినక్స్‌కి తెచ్చిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. 2014లో ఆయన చేతుల మీదుగా లింబో దుబాసీ లేకుండా లినక్స్‌లో నడిచింది. ఆలోగా ఆ రెండేళ్ళూ దుబాసీ రూపంలో ఆడినవాళ్ళు ఆట ఆడనట్టా?

ఇంకో చిత్రం చూడండి. పాత ఆటల్లో చాలావాటి సొంత లినక్స్ రూపాలు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. అవి ఆధారపడిన లైబ్రరీలు మారిపోయాయి, 32 బిట్ కాలం నాటివి పక్కకు పోయాయి. 2019లో ఉబుంటు వాళ్ళు 32 బిట్ సరంజామా మొత్తం తీసేస్తామంటే ఆటల లోకం గగ్గోలు పెట్టింది, వాళ్ళు వెనక్కి తగ్గారు. అదే ఆట విండోస్ రూపం మాత్రం దుబాసీ చేతిలో నిక్షేపంగా నడుస్తుంది. మడి వాళ్ళు దీనికి ఏమంటారో నాకు వినాలనుంది.

మళ్ళీ అసలు ప్రత్యర్థుల దగ్గరికి వద్దాం. వాళ్ళకు ఇష్టమైన మాట ఒకటుంది: లినక్స్‌లో ఆడేవాళ్ళెందరు, నూటికి ఇద్దరు, ముగ్గురు, వాళ్ళ కోసం ఎవరు కష్టపడతారు? పైకి ఇది వ్యాపార సూత్రంలా వినిపిస్తుంది. లెక్క చూద్దాం. 2009 ఫిబ్రవరిలో వరల్డ్ ఆఫ్ గూ అనే ఆట లినక్స్ రూపం విడుదలైన రోజు, దాన్ని చేసిన టూడీ బాయ్ సంస్థ సైట్లో అంతకుముందు ఏ ఒక్క రోజూ అమ్ముడుపోనన్ని కాపీలు అమ్ముడయ్యాయి. మరుసటేడు మే నెలలో మొదటి హంబుల్ ఇండీ బండిల్ పెట్టారు. ఎవరికి తోచింది వాళ్ళు కట్టుకోవచ్చు, ఒక్క సెంటు కట్టినా ఆటలు ఇస్తారు. 12 లక్షల డాలర్లు దాటి వసూలైంది. అందులో సగటున విండోస్ వాళ్ళు కట్టినదానికి దాదాపు రెట్టింపు లినక్స్ వాళ్ళు కట్టారు. ఊరికే వచ్చే సిస్టమ్ వాడేవాళ్ళు డబ్బులు తీయరన్న మాట అక్కడితో పోవాలి. పోలేదనుకోండి.

డబ్బుల మాట వచ్చింది గనక ఒక చేదు నిజం. గేమ్స్‌కి విండోసే కావాలని మన ఊళ్ళలో అనేవాళ్ళలో ఆ విండోస్‌కి డబ్బు కట్టినవాళ్ళు ఎందరు? రెండు వందలకు షాపులో వేసిచ్చే 'ఫుల్ వర్షన్' ఏమిటో మీకూ నాకూ తెలుసు. దొంగ సిస్టమ్ మీద దొంగ ఆట. దాన్ని పట్టుకుని లినక్స్ వాళ్ళని చూసి, మీది ఫ్రీ సరుకు గదా అని చులకన. చెక్ దేశంలో అమానితా డిజైన్ అని ఒక చిన్న బృందం మషినారియం అనే ఆట చేసింది. తుక్కు సామాన్ల నగరంలో యోసెఫ్ అనే చిన్న రోబో కథ. (రోబో అన్న మాట పుట్టించిన యోసెఫ్ చాపెక్ పేరే ఆ రోబోకి పెట్టారు. ఆయన తమ్ముడు కారెల్ నాటకంలో ఆ మాట ప్రపంచానికి తెలిసింది.) ఇదీ మాటల్లేని ఆటే. బుడగల్లో గీసిన బొమ్మలే సంభాషణ. 2009 అక్టోబరులో విడుదలైన మొదటి రోజు నుంచీ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఇచ్చారు. నూటికి ఇద్దరని చూడలేదు. ఏడాది తిరక్కుండా తేలిందేమిటంటే, ఆడినవాళ్ళలో డబ్బు కట్టినవాళ్ళు నూటికి అయిదు నుంచి పదిహేనుమందే. వాళ్ళు కేసులు పెట్టలేదు. 2010 ఆగస్టులో దొంగలందరికీ క్షమాభిక్ష అని ప్రకటించి 5 డాలర్లకే ఇచ్చారు. చేతులతో గీసి, గీకి, రంగులద్దిన మనుషుల కష్టం అది. మార్కెట్ లెక్కలు చెప్పేవాళ్ళు ఈ లెక్క ఎందుకు చెప్పరు?

ఇక ఆ ఇద్దరు ముగ్గురి సంగతి. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2025 అక్టోబరు సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. చిన్న అంకెలానే ఉంటుంది. ఆ అంకె వెనకాల ఏం జరిగిందన్నది పెద్ద సంగతి. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగే, పదమూడేళ్ళు చేశాడు. విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం తెరవబోతోందని తెలిసేసరికి ఆయనకు గుండెలో రాయి పడింది. రేపు వీళ్ళు తలుపు మూస్తే నా సరుకు ఎక్కడమ్మాలి? 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్స్‌కి వచ్చింది. 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చింది. అదేమిటనుకున్నారు, మన పాత దుబాసీ వైనే. కోడ్‌వీవర్స్ వాళ్ళతో కలిసి సానపట్టి, విండోస్ బొమ్మల భాషను లినక్స్ బొమ్మల భాషలోకి మార్చే డీఎక్స్‌వీకే అనే మరో దుబాసీని జతచేసి, స్టీమ్‌లోనే కలిపేశారు. మడివాళ్ళు మైల అన్న పొరే ఆరేళ్ళకు రాజమార్గమైంది. 2022లో చేత్తో పట్టుకు ఆడుకునే స్టీమ్ డెక్ వచ్చింది. లోపల లినక్సే. దాన్ని కొన్న పిల్లలు చాలామందికి తాము లినక్స్ వాడుతున్నామని కూడా తెలీదు.

ప్రేమతో చేశారా, భయంతో చేశారా అంటే భయంతోనే. నాకేమీ అభ్యంతరం లేదు. పొరుగు రైతు తన పొలానికి తవ్వుకున్న కాలవ నీళ్ళు నా చేలోకీ వస్తే వద్దంటానా?

మా మేనల్లుడు ఊరుకోలేదు. "వాలొరెంట్ ఆడి చూపించు మావయ్యా" అన్నాడు. చూపించలేను. ఫోర్ట్‌నైట్ కూడా చూపించలేను. మోసగాళ్ళను పట్టుకునే కాపలా ప్రోగ్రాములు సిస్టమ్ లోలోపలికి, కెర్నెల్ దాకా చొరబడి కూర్చుంటాయి. లినక్స్‌లో అలా కూర్చోబెట్టడానికి ఆ కంపెనీలు ఒప్పుకోవు. అపెక్స్ లెజెండ్స్ వాళ్ళు ముందు లినక్స్‌కి తలుపు తీసి, 2024లో మూసేశారు. వందమంది ఆన్‌లైన్లో కాల్చుకునే ఆటలే మీ లోకమైతే, విండోస్ ఉంచుకోండి, నేనేమీ అనను. నేననేది ఒక్కటే. అలాంటి ఆటల్ని చూపించి, మిగతా వేల ఆటల మీద తీర్పు చెప్పకండి. బిర్యానీ దొరకలేదని ఊళ్ళో తిండే లేదంటారా?

ఇంకొందరు హాస్యగాళ్ళున్నారు. లినక్సే పెద్ద పజిల్, దాంట్లో మళ్ళీ పజిల్ గేమెందుకు అంటారు. ఈ జోకు వయసు కూడా టక్స్ రేసర్ వయసే. నేనేం చేశానో చెబుతాను వినండి. ప్లేడెడ్ వాళ్ళదే రెండో ఆట ఇన్‌సైడ్, 2016ది. దానికి లినక్స్ రూపం లేదు. స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్ తెరిచి, కంపాటబిలిటీ అన్నచోట ఒక టిక్కు పెట్టి, ప్రోటాన్‌ను ఎంచుకున్నాను. ఇన్‌స్టాల్ నొక్కాను. టీ పెట్టుకుని వచ్చాను. అడవి, ఎర్ర చొక్కా పిల్లాడు కొండరాళ్ళ మీంచి జారుతూ తెర మీద ఉన్నాడు. ఇందులో పజిల్ ఏదన్నా ఉంటే అది టీపొడి డబ్బా ఎక్కడ పెట్టానన్నదే.

తిప్పలు పడలేదా అంటే పడ్డాను, దాచడమెందుకు. లింబో మొదటి రాత్రి ఆట మొదలుపెడితే అడుగు చప్పుడు లేదు, గాలి లేదు, ఏమీ లేదు. అబ్బ, ఏం నిశ్శబ్దం, ఏం కళ అనుకుంటూ అరగంట ఆడాను. సాలీడు కాలు నేలలో దిగినప్పుడు కూడా చప్పుడు రాకపోయేసరికి అనుమానమొచ్చింది. చూస్తే, శబ్దమంతా హెచ్‌డీఎంఐ తీగలోంచి పక్కనున్న మానిటర్‌కి పోతోంది. దానికి స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్లు ఎంచుకున్నాను, అడవి ఊపిరి పీల్చుకుంది. ఆ ఆటను సొంత రూపంలో లినక్స్‌కి రాకుండా ఏళ్ళ తరబడి ఆపింది శబ్దమే అని చెప్పాను కదా. నా దగ్గరా అదే ఆగింది. తప్పు నాదే. విండోస్‌లోనైతే ఇలా జరగదని ఎవరైనా అంటే, ఆఫీసు మీటింగుల్లో 'హలో, వినబడుతోందా' అని వాళ్ళు ఎన్నిసార్లు అన్నారో గుర్తు తెచ్చుకొమ్మనండి.

గ్రాఫిక్ కార్డుల తంటా మాత్రం కొంత నిజం. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి డ్రైవర్లతో సతమతమయ్యారు. లినక్స్ పుట్టించిన లీనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లో ఒక సభలో, కెమెరా వైపు తిరిగి ఆ కంపెనీకి మధ్యవేలు చూపించాడు. పదేళ్ళకు, 2022లో, ఆ కంపెనీ డ్రైవర్లో కెర్నెల్ భాగం సోర్సును బయటపెట్టింది. అది ఆ వేలి మహిమ అనను గానీ, 'అది అంతే' అనుకుని అందరూ చేతులు ముడుచుకు కూర్చుంటే జరిగేది కాదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పదకొండుకు కావలసిన చిప్పు లేక, నిక్షేపంగా పనిచేసే ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్ళలో బీరువా మీద చేరాయి. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. షాపు కుర్రాడికి రెండు వందలు ఇవ్వకండి. దుమ్ము దులిపి, పెన్‌డ్రైవ్‌తో ఉబుంటో లినక్స్ మింటో వేసి, ఆ డబ్బు లింబోకు కట్టండి. రాత్రి పదింటికి లైటు ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని (శబ్దం ఎటు పోతోందో ఒకసారి చూసుకుని) మొదలుపెట్టండి. గడ్డి మీద పిల్లాడు పడి ఉంటాడు. మీరు కీ నొక్కేదాకా లేవడు.